గలుప్పి చెప్పిన మూడు మాటలకు తెలుగు?

గ్రూపులో సంగీతం తెలిసినవాళ్లు, ఇటాలియన్ కాస్తో కూస్తో వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక సాయం కావాలండీ. బల్దసారె గలుప్పి అనే స్వరకర్త గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 1706లో వెనిస్ పక్కనున్న బురానో దీవిలో పుట్టాడు, అందుకే అక్కడివాళ్లు ఇల్ బురనెల్లో, అంటే బురానోవాడు అనేవాళ్లు. తండ్రి మంగలి, నాటకశాలల్లో వయొలిన్ కూడా వాయించేవాడు. ఈయన 1722లో, పదహారేళ్లకే ఒపెరా రాసి చీవాట్లు తిన్నాడు, తర్వాత గోల్దోని అనే నాటక రచయిత హాస్య నాటకాలకు సంగీతం కట్టి యూరప్ అంతా పేరు తెచ్చుకున్నాడు. 1762లో వెనిస్‌లోని సాన్ మార్కో చర్చి సంగీతానికి పెద్ద. 1765లో రష్యా రాణి కేథరిన్ పిలిస్తే పీటర్స్‌బర్గ్ వెళ్లి మూడేళ్లు కొలువు చేసి వచ్చాడు. ఇంత చేసినవాడి పేరు ఇవాళ అడిగితే సంగీతం వినేవాళ్లు కూడా తడుముకుంటారు, అది వేరే బాధ.

చిక్కు ఎక్కడంటే, 1770లో చార్లెస్ బర్నీ అనే ఇంగ్లీషు పండితుడు వెనిస్‌లో ఆయన ఇంటికి వెళ్లాడు. చిన్న క్లావికార్డ్ (పియానోలా మెట్లు నొక్కి వాయించే పాతకాలపు వాద్యం) తప్ప ఇంకేం లేని గది చూపించి, నేను కాగితాలు ఖరాబు చేసేది ఇక్కడే అన్నాడట గలుప్పి. అదే మనిషి మంచి సంగీతం అంటే ఏమిటో మూడు ముక్కల్లో తేల్చేశాడు: వగెత్సా, క్యరెత్సా, బువోనా మోదులాత్సియోనె. నేను "సౌందర్యం, స్పష్టత, చక్కని స్వరసంచారం" అని రాసుకున్నాను గానీ చదువుకుంటే ప్రభుత్వ ప్రకటనలా ఉంది.

— వగెత్సా దగ్గర జాగ్రత్త. లాటిన్‌లో వాగుస్ అంటే ఎటుబడితే అటు తిరిగేది, ఇంగ్లీషు వేగ్ కూడా అందులోంచే. ఇటాలియన్‌లో ఆ మాటకు మసక అనే అర్థంతో పాటు మనసు లాగేది అనే అర్థమూ ఉంది, గలుప్పి అన్నది ఈ రెండోదే. బర్నీ బ్యూటీ అని పెట్టాడు. మనకి సౌందర్యం మరీ బరువు, సొగసు అనండి. క్యరెత్సాకి తేటదనం ఉండగా స్పష్టత ఎందుకండీ? గలుప్పి సి మేజర్ సొనాటా (మెట్ల వాద్యం మీద వాయించే రచన), పియానో విద్వాంసుడు మైకెలాంజెలి వాయించింది, ఒకసారి వినండి. మొదటి భాగంలో ఎడమచెయ్యి స్వరాలను విడదీసి ఒకే తీరున వాయిస్తూ పోతుంటే కుడిచేతిలో ఒక్కటే పాట, దానికి ఏదీ అడ్డం రాదు. తేట అంటే అదే.

— నాకు నన్నయ గుర్తొచ్చాడు. ప్రసన్న కథాకలితార్థయుక్తి, అక్షరరమ్యత, నానారుచిరార్థసూక్తినిధిత్వం అని ఆయన కూడా తన కవిత్వం గురించి మూడే చెప్పుకున్నాడు కదా. ప్రసన్నత, రమ్యత అని పెట్టెయ్యొచ్చేమో?

— వద్దు మాస్టారూ. కాగితాలు ఖరాబు చేస్తున్నానని చెప్పుకునేవాడి నోట్లో అవి అతకవు. అసలు పేచీ మూడోదానితో. ఎవరో ఒకరు గ్రహభేదం అంటారు, ముందే చెప్తున్నా, కాదు. మోహనంలో రిషభాన్ని షడ్జం అనుకుని పాడితే మధ్యమావతి వస్తుంది, స్వరస్థానాలు అవే, వెనకాల తంబురా పాత శ్రుతిలోనే మోగుతుంటుంది. పాశ్చాత్యుల మోదులాత్సియోనె అలా కాదు, కింద మోగే స్వరాలతో సహా పాట మొత్తం ఇంకో శ్రుతికి మకాం మారుస్తుంది, అక్కడ కొత్త స్వరాలు కూడా తగులుతాయి, మళ్లీ తిరిగొస్తుంది. పైగా ఆ కాలంలో ఈ మాటని ఒక్క శ్రుతి మార్పుకే కాకుండా స్వరసంగతిని (ఒకేసారి కలిసి మోగే స్వరాల పొందికని) నడిపే తీరు మొత్తానికీ వాడేవాళ్లు. మీ స్వరసంచారం చూస్తే ఒక రాగం లోపలే తిరుగుతున్నట్టుంది. "మంచి నడక" అంటే సరిపోదా?

— నడక అనగానే తిశ్రనడక, ఖండనడక అనుకుంటారండీ మా పాటకచేరీల బ్యాచ్. తాళం గోల మొదలవుతుంది.

— అందరికీ థాంక్సండీ. సొగసు, తేటదనం, శ్రుతులు నడపడంలో ఒడుపు. మూడోది పొడుగే, ఇటాలియన్‌లో కూడా అదే పొడుగు కాబట్టి ఉంచేస్తున్నా.

— ఒడుపు బాగుంది. వ్యాసంలో డ్రెస్డెన్ సంగతి మాత్రం వదలకండి. బల్దాన్ అనే వెనిస్ నకళ్ల రాతగాడు వివాల్డి అనే ఇంకో వెనిస్ స్వరకర్త చర్చి సంగీతానికి గలుప్పి పేరు తగిలించి జర్మనీలోని డ్రెస్డెన్ రాజుగారి కొలువుకు అమ్మేశాడు. నీసి దోమినుస్, దీక్సిత్ దోమినుస్ అనేవి లాటిన్ కీర్తనలు; మొదటిది ఒకటి 2003లో, రెండోది ఒకటి 2005లో వివాల్డివని తేలాయి. ఇప్పుడు వివాల్డి పేరు పెడితే టికెట్లు అమ్ముడవుతాయి, అప్పుడు గలుప్పి పేరు పెడితే అమ్ముడయ్యేవి.

— ఆ పేరా ఆల్రెడీ రాశానండీ, అందులోనే ఇంకో సందేహం. ఈ బల్దాన్ లాంటివాణ్ణి లేఖకుడు అంటే రచయిత అనుకునే ప్రమాదం ఉంది. వ్రాయసకాడు అని రాస్తే ఇప్పటివాళ్లకు అర్థమవుతుందంటారా?