తెలిసినవాళ్ల దగ్గర డిజైన్‌కు డబ్బులడగడం తప్పా?

ఫ్లెక్సీ తమ్ముడు (కడప):
మొన్న రాత్రి పదకొండున్నరకు మా బావ ఫోన్ చేశాడు. "ఏం బామ్మర్దీ, ఊర్లో తిరుణాల, పొద్దున్నే ప్రింటుకు పోవాల. ఐదు నిమిషాల పని." 12కి 8 ఫ్లెక్సీ. కింద గుండ్రాల్లో 23 మంది ఫొటోలు, అందులో సగం ఆధార్ కార్డు నుంచి తీసినవి. పేర్లు వాట్సాప్‌లో పంపాడు. అవి డీటీపీకి వాడే 'అను' ఫాంట్‌లోకి మార్చేసరికి ఒత్తులన్నీ చెదిరిపోయాయి, మళ్లీ ఒక్కొక్కటి కొట్టుకోవాల్సి వచ్చింది. రెండున్నర దాకా కూర్చున్నా. "చిన్నమామ ఫొటో ఇంకొంచెం పెద్దది చేయి" అని చివరి కరెక్షన్.

ప్రింటు షాపులో 96 చదరపు అడుగులకు లెక్కకట్టిన డబ్బు బావ బేరమాడకుండా ఇచ్చాడు. నాకు ఐదొందలు ఇవ్వు బావా అంటే, "మనలో మనకు డబ్బులేంది?" అన్నాడు. మా అమ్మ కూడా ఆయన పక్షమే. చెప్పండి, తప్పు నాదేనా?

నాలుగు రోడ్ల షాపు (కడప):
నాకు ప్రింటింగ్ షాపు ఉంది కాబట్టి చెప్తున్నా. తప్పు కస్టమర్ది కాదు, మాది. మొదట్లో పోటీకి మేమే "డిజైన్ ఫ్రీ" అని బోర్డు పెట్టాం. ఇప్పుడు డిజైన్‌కు వంద అడిగినా పక్క షాపుకు పోతారు. అడుగు లెక్క కంటికి కనబడుతుంది, టేపు పెట్టి కొలవొచ్చు. నీ రాత్రి నిద్రను ఏ టేపుతో కొలవాలి తమ్ముడూ?

తాడిపత్రి మాస్టారు:
కళను కూటికి ముడిపెట్టడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది. మా తాడిపత్రిలో 1880లో పుట్టిన నాటక నటుడు బళ్లారి రాఘవ వకీలు. నాటకాలు రాసిన ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులూ వకీలే. కోర్టు కూడు పెట్టింది కాబట్టి నాటకం దగ్గర ఎవరికీ తలవంచే పని లేకపోయింది. మన సీమలో కథలు రాసినవాళ్లలోనూ బడిపంతుళ్లే ఎక్కువ. ఉద్యోగం పెట్టుకో నాయనా, బొమ్మ ప్రేమతో వేయి.

ఫ్లెక్సీ తమ్ముడు:
సార్, నాకు ఇదే ఉద్యోగం. మా నాయన షాపు బోర్డులు రాసేవాడు. చాక్‌పీస్ పొడి పూసిన దారంతో గీత కొట్టి, ఎనామిల్ పెయింటుతో ఒక్కో అక్షరం దిద్దేవాడు. ఆయన్ను ఫ్రీగా రాయమని ఎవరూ అడగలేదు. రంగు డబ్బా, చేతికంటిన మరకలు ఎదురుగా కనబడేవి కదా. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. కంప్యూటర్ ముందు కూర్చున్న నేను మాత్రం ఆడుకుంటున్నట్టే అందరి లెక్క.

సీమ చిన్నక్క (ప్రొద్దుటూరు):
మాస్టారూ, వకీలు ఫీజు తీసుకునేవాళ్ల సంగతి సరే. సురభి వాళ్ల మాటేంటి? 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలుపెట్టి, నాటకమే బతుకుగా తరాలు గడిపారు. పిల్లా జెల్లా అందరూ స్టేజి మీదే. టికెట్టు పెట్టారు కాబట్టే పొయ్యి వెలిగింది. (ఫ్రీ పాసు అడిగిన బంధువులు అప్పుడూ ఉండే ఉంటారు లెండి!)

నేను మగ్గం వర్క్ చేస్తాను. మొదట్లో ముగ్గురు ఆడపడుచుల జాకెట్లు ఊరికే కుట్టా. అబద్ధమెందుకు, ఆ పెళ్లిలో వాటిని చూసే నాకు గిరాకీ వచ్చింది. అందుకని ఫ్రీ పని శుద్ధ దండగ అనలేను. కానీ వీపు మీద నిండు నెమలి డిజైనంటే మూడు రోజులు. ఆరీ సూదితో వంగి కుడుతుంటే మెడ పట్టేస్తుంది, సాయంత్రానికి జరీ దారం రెండుగా కనబడుతుంది. ఆ మూడు రోజులు వంట మా అత్త చేసింది. ఆమెకు ఎవరు కూలి ఇచ్చారు? ఇప్పుడు పూసలు, దారం డబ్బు ముందే తీసుకుంటా. కూలి సగం చేతిలో పడ్డాకే ఫ్రేముకు గుడ్డ బిగిస్తా. చుట్టాలకు తగ్గిస్తా గానీ వదిలేయను.

తమ్ముడూ, నువ్వు పనయ్యాక అడిగావు. అదే నీ పొరపాటు.

చెరువుకట్ట (ధర్మవరం):
మా పక్కనే తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, ఉలితో సన్నటి చిల్లులు పొడిచి రంగులేస్తారు. ఆటకు పిలిచేవాళ్లు తగ్గి, ఇప్పుడు ల్యాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు. 2020లో ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వస్తే మా గ్రూపుల్లో అందరూ ఫొటో షేర్ చేశారు. అందులో ఒకాయన నాతోపాటు స్టాల్‌కు వచ్చి ల్యాంప్‌షేడ్ ధర విని, "తోలుముక్కకు ఇంతా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తాడిపత్రి మాస్టారు:
చిన్నక్కా, ముందే చెప్పాలన్న మాట ఒప్పుకుంటా. అయినా తిరుణాల ఫ్లెక్సీకి బావ దగ్గర ఐదొందలు వసూలు చేయడం నాకు మింగుడుపడటం లేదు. ఊరి దేవుడి పని కదా.

నాలుగు రోడ్ల షాపు:
దేవుడి పనేనని మైకుసెట్టు వాడు, టెంటువాడు వదిలేశారా మాస్టారూ?

ఫ్లెక్సీ తమ్ముడు:
ఇందాకే బావ ఫోన్‌పే చేశాడు. మూడొందలు. కింద "టీ ఖర్చుకు" అని రాశాడు. ఫ్లెక్సీ కట్టిన ఫొటో కూడా పంపాడు, చిన్నమామ బాగానే ఉన్నాడు. ఇద్దరి ఫొటోలు మర్చిపోయారంట, వాటితో ఇంకో చిన్నది చేయాలంట. ఈసారి ముందే ఎంతో చెప్పా. బ్లూ టిక్ పడి గంటయింది.