ఫ్రోజెన్ 2 పాటలు మొదటి భాగం కంటే తక్కువా? నేను ఒప్పుకోను

సర్జాపూర్ రోడ్ అమ్మ:
మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లమంతా కలిసి ఉగాదికి పిల్లల చేత పాటల కార్యక్రమం చేయిస్తున్నాం. తెలుగు పాటలు ఎలాగూ ఉంటాయి, వాటితో పాటు పిల్లలు డిస్నీ కార్టూన్ సినిమా ఫ్రోజెన్ పాటలు పాడతామన్నారు, సరే అన్నాం. నేను రెండో భాగంలోంచి రెండు పాటలు పెడదామంటే కమిటీలో సగం మంది "రెండో దాంట్లో పాటలేమున్నాయండీ, మొదటి దాంట్లోని లెట్ ఇట్ గో పెట్టేయండి, అందరికీ తెలుసు" అన్నారు. బెంగళూరులో ఏ స్కూల్ యాన్యువల్ డే చూసినా ఆ పాటే కదా, ఇంక మనమూ అదే ఎందుకు?

నా మాట సూటిగా చెప్తాను. 2019లో వచ్చిన రెండో భాగం పాటలు 2013 నాటి పాటల కంటే మంచివి. రెండూ రాసింది ఒకే భార్యాభర్తలు, క్రిస్టెన్ ఆండర్సన్ లోపెజ్, రాబర్ట్ లోపెజ్. మధ్యలో వాళ్లే కోకో సినిమాకి రిమెంబర్ మీ రాసి 2018లో ఇంకో ఆస్కార్ తీసుకున్నారు. అంటే రెండో భాగం నాటికి వాళ్ల చెయ్యి ఇంకా తిరిగింది. సినిమా మొదట్లో తల్లి తన పిల్లలిద్దరికీ, అక్క ఎల్సాకీ చెల్లెలు ఆనాకీ, ఒక జోలపాట పాడుతుంది, ఆల్ ఈజ్ ఫౌండ్. జ్ఞాపకాలన్నీ దాచుకున్న ఒక నది గురించి, అందులో మరీ లోతుకు వెళ్తే మునిగిపోతావనే హెచ్చరిక గురించి. వింటున్నప్పుడు మామూలు జోలపాటే. సినిమా చివర్లో ఎల్సాకి సరిగ్గా అదే జరుగుతుంది, లోతుకు వెళ్లి గడ్డకట్టిపోతుంది. అంతకు ముందే షో యువర్‌సెల్ఫ్ పాటలో తల్లి గొంతు, ఆ జోలపాట వరసతోనే తిరిగొస్తుంది. ఇంత పకడ్బందీగా అల్లిన పాటల్ని పట్టుకుని "ఏమున్నాయి" అంటే బాధగా ఉంది.

కడప కుర్రోడు:
అక్కా, కథలో అతకడం వేరు, పాట సొంత కాళ్ల మీద నిలబడటం వేరు. లెట్ ఇట్ గోకి 2014లో ఆస్కార్ వచ్చింది, అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో ఐదో స్థానం దాకా పోయింది, ఆ సినిమా ఆల్బమ్ మొత్తం 13 వారాలు అమెరికా ఆల్బమ్ చార్టులో పైన కూర్చుంది. రెండో భాగం డబ్బు ఇంకా ఎక్కువే తెచ్చింది, మొదటిది దాదాపు 128 కోట్ల డాలర్లయితే ఇది 145 కోట్లు. మరి ఇంతమంది చూశాక కూడా పాటలు నోటి మీదికి ఎందుకు రాలేదు? మా కుందలహళ్లి వైపు సాయంత్రం కింద ఆడుకునే పిల్లల్ని అడగండి, రెండో భాగం పాట ఇంటు ది అన్‌నోన్‌లో ఆ ఆలాపన ఒక్కటే అంటారు, తర్వాత ఏముందో ఎవరికీ రాదు. పిల్లల సినిమా పాట పిల్లలు పాడుకోవాలి. అది చెయ్యని పాట ఎంత తెలివైనదైనా నాకు సగం పాటే.

కీబోర్డ్ టీచర్, ఇందిరానగర్:
ఆ ఆలాపన ఒక్కటే గుర్తుందన్నారు కదా తమ్ముడూ, అక్కడే ఆగండి. అది నాలుగు స్వరాల పిలుపు. పాడింది ఆరోరా అనే నార్వే గాయని. స్కాండినేవియాలో ఆడవాళ్లు కొండల మీద మేస్తున్న పశువుల్ని సన్నటి పై గొంతుతో పిలిచే పద్ధతి ఒకటుంది, కుల్నింగ్ అంటారు, దాని ఛాయలో చేశారు. మా అమ్మమ్మగారి ఊళ్లో పొద్దుగూకే వేళ గేదెల్ని పిలిచే కేక విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు, మాటలు అక్కర్లేదు, దూరం పోవాలి అంతే. ఆ నాలుగు స్వరాలే సినిమా అంతా ఎల్సాని లాక్కెళ్తాయి. మాటల్లేని నాలుగు స్వరాలు పిల్లల నోట్లో ఉండిపోయాయంటే ఆ పాట తన పని చేసినట్టే.

ఇక పాడటం కష్టమన్నది నిజం. లెట్ ఇట్ గో నాలుగు నాలుగుగా నడుస్తుంది, పల్లవిలో ఆ మూడు మాటలు చిన్న చిన్న మెట్లు, ఎవరైనా అందుకుంటారు. ఇంటు ది అన్‌నోన్ తిశ్రంలో నడుస్తుంది, మూడు మూడుగా ఊగుతూ ఉంటుంది. పల్లవిలో గొంతు ఒక్కసారిగా పైకి లేవాలి, మళ్లీ వచ్చినప్పుడు ఇంకా పైకి లేవాలి. నా దగ్గర కర్ణాటక సంగీతం కూడా నేర్చుకునే పిల్లలు తిశ్రాన్ని ఇట్టే పట్టేస్తారు, వాళ్లు తడబడేది ఆ ఎగరడం దగ్గర. కానీ లెట్ ఇట్ గో కూడా పిల్లలు నిజంగా పాడటం లేదండీ, పై స్థాయి రాగానే అరుస్తున్నారు, మనం చప్పట్లు కొడుతున్నాం. సులువని ఎంచుకునే ముందు ఇది కూడా చూసుకోండి.

సర్జాపూర్ రోడ్ అమ్మ:
టీచర్ గారూ, చాలా థ్యాంక్స్. కడప తమ్ముడికి నా జవాబు. 2013లో ఐదేళ్లున్న పిల్ల 2019కి పదకొండేళ్ల పిల్ల. పాటలు రాసినవాళ్లు ఆ పిల్లతో పాటే నడిచారు. మొదటి భాగంలో ఆనా తలుపులు తెరుచుకున్నాయని గంతులేస్తూ పాడుతుంది. రెండో భాగంలో అదే ఆనా గుహలో ఒంటరిగా కూర్చుంటుంది, మంచుబొమ్మ ఓలాఫ్ చేతుల్లోనే మంచు రేణువులై చెదిరిపోయాడు, అక్క పోయిందనుకుంటోంది. అప్పుడు ది నెక్స్ట్ రైట్ థింగ్ వస్తుంది. మొదట్లో అది పాటలా కూడా ఉండదు, ఆనాకి గొంతిచ్చిన క్రిస్టెన్ బెల్ ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతున్నట్టే ఉంటుంది. లేచి ఒక అడుగు వెయ్యి, తర్వాత ఇంకోటి, అంతకు మించి ఆలోచించకు, ఆ పాటలో ఉన్నదంతా అదే. దుఃఖంలో ఉన్న మనిషి ఎలా లేస్తాడో పిల్లల సినిమాలో ఇంత సూటిగా చెప్పిన పాట నాకు ఇంకొకటి కనపడలేదు. కోవిడ్ రెండో వేవ్‌లో మా ఇంట్లో మా అత్తగారు పోయినప్పుడు మా పెద్దది ఈ పాటే పెట్టుకుని వినేది. నేను ఓదార్చలేని చోట ఆ పాట కూర్చోబెట్టి ఓదార్చింది. చార్టులో ఎన్నో నంబరన్నది నాకు అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

జయనగర్ తాతయ్య:
అమ్మా, నువ్వు చెప్పింది నాకు బాగా తెలిసొచ్చింది. మన బాహుబలి సంగతే చూడండి. మొదటి భాగంలో ధీవర బయట విన్నా ఒళ్లు పులకరిస్తుంది. రెండో భాగంలో దండాలయ్యా ఉంది, కాలభైరవ పాడినది. దాన్ని సినిమాలో విన్నప్పుడు, రాజ్యం పోగొట్టుకున్నవాడి వెంట జనం నిలబడి పాడుతుంటే గొంతు పూడుకుపోతుంది. కథ తెలియనివాడికి ఆ బరువు సగమే అందుతుంది. అంతమాత్రాన దండాలయ్యా చిన్న పాట అవుతుందా నాయనా? రెండో భాగానికి ఉన్న సౌకర్యమే అది, మనకి మనుషులు ముందే తెలుసు, పాట పరిచయాలు చెయ్యక్కర్లేదు, నేరుగా గుండెలోకి పోవచ్చు.

నేను మనవరాలితో తెలుగులోనే చూశాను. ఎల్సాకి మన బెంగళూరులోనే పుట్టిన నిత్యా మేనన్ గొంతు, చిన్నప్పటి ఎల్సాకి మహేశ్ బాబు కూతురు సితార గొంతు. పిల్ల కథంతా అర్థం చేసుకుని చూసింది, నాకు అదే కావాలి.

కడప కుర్రోడు:
తాతా, ధీవరకీ దండాలయ్యాకీ రెంటికీ దండం. కానీ దండాలయ్యా ఊళ్లల్లో ఇప్పటికీ మోగుతుంది, షో యువర్‌సెల్ఫ్ ఎక్కడ మోగుతోంది చెప్పు. ఇంకో మాట, లాస్ట్ ఇన్ ది వుడ్స్ సంగతేంది? అక్కచెల్లెళ్లు అడవిలో ప్రమాదంలో ఉంటే ఆనాని ప్రేమించే క్రిస్టాఫ్ ఎనభైల నాటి రాక్ వీడియోలో మాదిరి నిలబడి పాడతాడు, దుప్పులు కోరస్. కథ ఆ పాట అయ్యేదాకా కదలదు. పాటలు కథని నడిపిస్తాయంటున్నారు కదా, ఇది ఏం నడిపించింది?

కీబోర్డ్ టీచర్, ఇందిరానగర్:
ఆ పాట దగ్గర కథ ఆగుతుంది, నిజమే, నాకూ అది నచ్చని చోటు. అయితే క్రిస్టాఫ్‌కి గొంతిచ్చిన జోనథన్ గ్రాఫ్ బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్ సంగీత నాటకాల నుంచి వచ్చిన గాయకుడు, మొదటి భాగంలో ఆయనకి దుప్పి మీద ఒక చిన్న ముక్క ఇచ్చి ఊరుకున్నారు. అంత గొంతుని వాడుకోకపోవడం మొదటి భాగం చేసిన అన్యాయం. ఇక్కడ కనీసం పూర్తి పాట దొరికింది.

మల్లేశ్వరం జానపదం:
అందరూ ఎల్సా, ఆనాల పాటల మీదే ఉన్నారు, నాకు ముఖ్యమైనది వేరే ఉంది. మొదటి సినిమా మొదలయ్యేదే వూయెలీ అనే బృందగానంతో. దాన్ని కట్టింది ఫ్రోడె ఫ్యెల్‌హైమ్, నార్వేలోని సామీ అనే ఆదివాసీ జాతి సంగీతకారుడు, తన పాత రచన ఒకదాన్నే ఇందుకోసం మార్చి ఇచ్చాడు. జోయిక్ అనేది సామీ వాళ్ల గానం, తరతరాలుగా నోటి మీద నిలిచినది. మొదటి భాగంలో అది టైటిళ్ల కింద అందంగా వినిపించి వెళ్లిపోతుంది, ఎవరిదో తెలియదు. రెండో భాగంలో నార్తుల్డ్రా అనే అడవి జనాన్ని సామీ వాళ్ల పోలికలోనే సృష్టించారు, వాళ్లే అక్కచెల్లెళ్ల తల్లి శాలువా చూసి, తమ మనిషి పిల్లలేనని గుర్తుపట్టి ఆ పాట పాడతారు. ఈసారి డిస్నీ సామీ ప్రతినిధి సంస్థలతో ఒప్పందం రాసుకుంది, వాళ్ల సలహా బృందంతో పని చేసింది, సినిమాని ఉత్తర సామీ భాషలోకి కూడా డబ్ చేసింది. మన చెంచుల పాటో, లంబాడీల పాటో ఎవరో వాడుకుని పేరు కూడా చెప్పకపోతే మనకెలా ఉంటుంది? సొంతదారుల నోట పాట వినిపించిన సీక్వెల్ అని, నేను ఈ ఒక్క కారణానికే రెండో భాగానికి ఓటేస్తాను.

కడప కుర్రోడు:
ఈ సంగతి చెప్పినందుకు మీకు నమస్కారం అన్నా, చానా మంచి పని చేశారు వాళ్లు. అయినా నా ప్రశ్న నాదే. 2027లో మూడోది వస్తుందని ప్రకటించారు. అందులో ఒక్క పాటైనా సినిమా చూడని పిల్ల కూడా స్కూల్ బస్సులో పాడుకునేట్టు ఉండాలి. అక్కా, మీ ఉగాది ప్రోగ్రాంలో కింద కూర్చునే పెద్దవాళ్లలో సగం మంది సినిమానే చూసుండరు. వాళ్లకి ఆ గుహ పాట ఏం అందుతుంది?

సర్జాపూర్ రోడ్ అమ్మ:
అందుతుంది తమ్ముడూ. పాటకు ముందు ఎవరు, ఎక్కడ, ఏం పోగొట్టుకున్నారన్నది తెలుగులో నాలుగు ముక్కల్లో చెప్పిస్తాం, హరికథలో చెప్పినట్టు, కథ చెప్పి పాట అందుకోవడం మనకి కొత్త కాదు. ది నెక్స్ట్ రైట్ థింగ్ మా పెద్దదే పాడతానంది, ఆ పాటని కమిటీ వద్దన్నా నేను వదలను. ఆల్ ఈజ్ ఫౌండ్ చిన్నపిల్లలంతా కలిసి పాడతారు, అది జోలపాట, స్థాయి కూడా కిందే ఉంటుంది. టీచర్ గారూ, పన్నెండేళ్లు దాటిన పిల్లకి కరోకే ట్రాక్ శృతి ఎంత దించాలో చెప్తారా? శనివారం ప్రాక్టీసు మొదలు.

కీబోర్డ్ టీచర్, ఇందిరానగర్:
గొంతు వినకుండా చెప్పకూడదమ్మా. ట్రాక్ లేకుండా పాడించి ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. చివర్లో పాట ఉధృతమయ్యే చోట గొంతు బిగుసుకుంటే అక్కణ్ణుంచి లెక్కేసి దించుదాం. మొదట్లో మాట్లాడినట్టుండే భాగాన్ని మాత్రం శృతి కోసం సాగదియ్యనివ్వకండి, అలాగే ఉండనివ్వండి.