గుండెకి రక్తం అందించే కుడి కరోనరీ నాళం ఎడమ వైపు నుంచి పుడితే ఆపరేషన్ తప్పదా?

పటమట_షటిల్: మా క్లబ్బులో షటిల్ ఆడే ఒకాయనకి 51 ఏళ్లు. నొప్పీ ఆయాసం లేవు. చెకప్‌లో సీటీ యాంజియో (గుండె నాళాల స్కాన్) తీస్తే, కుడి కరోనరీ ఎడమ సైనస్ (అయోర్టా మొదట్లో ఉండే ఉబ్బు) నుంచి పుట్టి అయోర్టాకీ (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) పల్మనరీ ఆర్టరీకీ (ఊపిరితిత్తులకి వెళ్లేది) మధ్యగా వెళ్తోందన్నారు. బ్లాకుల్లేవు, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ తీసే ఈసీజీ) నార్మల్. ఆపరేషన్ కావాలా?

సూర్యారావుపేట_07: కావాలి. పరిగెత్తినప్పుడు అయోర్టా ఉబ్బుతుంది. దాని గోడలోంచి వచ్చే నాళం నోరు గుండ్రంగా ఉండదు, బొత్తాం కాజాలా సన్నని చీలిక. అది నొక్కుకుపోతుంది. కొందరిలో మొదటి లక్షణమే ఆఖరిది.

బ్రాడీపేట_4/7: భయపెట్టకండి. ఆ హఠాన్మరణాలు ఎక్కువగా ఆటలాడే కుర్రాళ్లలో, అదీ ఎడమ కరోనరీ కుడి సైనస్ నుంచి పుట్టినప్పుడు. ఇది తిరగేసిన కేసు. 2018 అమెరికన్ గైడ్‌లైన్‌లో కుడిదైతే లక్షణాలో, ఇస్కీమియా (గుండె కండరానికి రక్తం చాలకపోవడం) రుజువో ఉంటేనే ఆపరేషన్ గట్టిగా చెప్పారు. లేకపోతే గమనిస్తూ ఉండొచ్చన్నారు.

సూర్యారావుపేట_07: టీఎంటీ నార్మల్ అయితే రుజువు లేనట్టేనా?

గుంటూరు_కారం: స్టెంటు వేస్తే పోదా?

క్యాథ్_ల్యాబ్: అంత తేలిక కాదండీ. కుడి నాళానికి వాడే మామూలు క్యాథటర్ (సన్నని గొట్టం) ఆ నోటికి అందదు. అందినా బయట నుంచి గోడ నొక్కుతూనే ఉంటుంది.

గుంటూరు_కారం: పోనీ బైపాస్?

బ్రాడీపేట_4/7: అసలు నాళంలో రక్తం బాగానే పారుతుంటే గ్రాఫ్టులోకి (బైపాస్‌లో అతికిన నాళంలోకి) పారదు, కొన్నాళ్లకి మూసుకుపోతుంది. చేస్తే అన్‌రూఫింగ్: అయోర్టా తెరిచి, నాళం గోడలో నడిచినంత మేరా లోపలి నుంచి ఆ ఉమ్మడి పొరని కోసి నోరు వెడల్పు చేస్తారు. ఆ దారి వాల్వు రెక్కలు కలిసే చోటు కిందుగా పోతే రెక్కని మళ్లీ కట్టాలి, లేకపోతే లీకు. అసలు గోడలో నడవకపోతే కోయడానికేమీ ఉండదు, నాళాన్ని తీసి వేరే చోట అతకాలి. అవేవీ తెలీకుండా "కావాలి" అనేశారు.

సూర్యారావుపేట_07: రేపు కోర్టులో కుప్పకూలితే మీ గైడ్‌లైన్ వచ్చి లేపుతుందా?

బ్రాడీపేట_4/7: అనుమానానికి రొమ్ము ఎముక కోస్తారా?

సూర్యారావుపేట_07: సరే, నా గొడవంతా ఆ "నార్మల్" అన్న మాట మీదే. గుండె వేగం లెక్క చూడండి: 220లోంచి వయసు 51 తీస్తే 169, అందులో 85 శాతం 144. అక్కడికి చేరగానే చాలామంది మెషిన్ ఆపేస్తారు. షటిల్‌లో పెద్ద ర్యాలీకి 160 దాటొచ్చు. 144 దగ్గర ఆపిన పరీక్ష 160 సంగతి ఏం చెప్తుంది?

బ్రాడీపేట_4/7: ఈ ముక్క మొదటే చెప్తే ఇంత రభస ఉండేది కాదు. ఒప్పుకుంటా. ఇక చాలనేదాకా పరిగెత్తించాలి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడుతుంటే డాక్టర్ని అడిగి ముందే ఆపాలి. ఈసీజీ ఒక్కటే కాదు, స్ట్రెస్ ఎకోనో (శ్రమ పెట్టి తీసే గుండె అల్ట్రాసౌండ్), గుండెకి రక్తం అందే తీరు చూపే స్కానో జోడించాలి.

క్యాథ్_ల్యాబ్: ముందు ఆ రిపోర్టులో ఏముందో చెప్పండి. నోరు గుండ్రమా, చీలికా? గోడలో ఎన్ని మిల్లీమీటర్లు నడిచింది? ఏ కోణంలో బయల్దేరింది?

పటమట_షటిల్: "రెండు ఆర్టరీల మధ్య" అని ఒక్క ముక్కే ఉందండీ. సీడీ ఉంది.

క్యాథ్_ల్యాబ్: గుండె వేగం 60 చుట్టూ ఉంచి, ఈసీజీతో కలిపి తీసిన సీటీ అయితే మళ్లీ తీయక్కర్లేదు. ఈ జబ్బులు చూసే చోట ఆ సీడీయే ఇచ్చి ఈ మూడూ కొలిచి రాయమనండి. కదిలిపోయిన బొమ్మయితే మళ్లీ తీయాల్సిందే.

సూర్యారావుపేట_07: అప్పటిదాకా రాకెట్ బీరువాలో.

బ్రాడీపేట_4/7: రాకెట్ సరే. నడక మానొద్దు.




సూర్యారావుపేట_07: కొండ మెట్లు ఎక్కడం నడక కిందకి రాదు, అదీ చెప్పండి.