డబ్బా టీవీ, ఇన్వర్టర్ బ్యాటరీ, ఉబ్బిన ఫోన్: బెజవాడలో ఎవరికివ్వాలి?

సింగ్‌నగర్ వాసి:
21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ, పాత ఫ్రిజ్, బ్యాటరీ ఉబ్బిన ఫోన్, అరడజను ట్యూబ్‌లైట్లు వదిలించుకోవాలి. పాత సామాన్ల బండతను టీవీ ఊరికే ఇచ్చినా వద్దంటున్నాడు, బ్యాటరీకి మాత్రం రేటు బాగానే చెబుతున్నాడు. ఏది ఎవరికివ్వాలండీ?

ఆటోనగర్ బ్యాటరీ:
ముందు ఫోన్ సంగతి చూడండి, మిగతావి నెల ఆగినా పర్లేదు. ఛార్జింగ్ పెట్టొద్దు, వెనక మూత పీకొద్దు. ఉబ్బిందంటే లోపల గ్యాస్ చేరినట్టే. నొక్కినా, గుచ్చినా పొరలు ఒకదానికొకటి తగిలి షార్టై మంట లేస్తుంది. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, పీల్చకూడదు. ఇనప డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో పెట్టండి. మూత బిగించకుండా వదిలేసి, ఆరుబయట నీడలో ఉంచండి. తర్వాత ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ముందే ఫోన్ చేసి ఇవ్వండి. చెత్తబండిలో వేస్తే లోపలి నొక్కుడికి బండే అంటుకుంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొనే షాపులోనే ఇవ్వండి, ధరలో తగ్గిస్తారు. 2022 బ్యాటరీ నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి చేర్చే బాధ్యత కంపెనీదే. బండివాళ్లు యాసిడ్ కాలవలో వంచేసి సీసం పలకలు అమ్ముకుంటారు, ఆ యాసిడ్‌లో కలిసిన సీసమూ కాలవలోకి పోతుంది. నిలబెట్టే తీసుకెళ్లండి. 50-60 కిలోలుంటుంది, స్కూటీ మీద కుదరదు.

పటమట టీవీ రిపేర్:
టీవీ వద్దనడమే మేలైంది. తీసుకున్నవాళ్లు ట్యూబు మెడ విరగ్గొట్టి, దాని చుట్టూ ఉండే తీగచుట్ట (యోక్) లోని రాగి లాక్కుని, గాజు కాలవ గట్టున పారేస్తారు. వెనక గరాటు గాజు బరువులో ఐదోవంతుకు పైగా సీసం ఆక్సైడే. మీరూ విప్పొద్దు. ట్యూబు మీది రబ్బరు టోపీ కింద కరెంటు తీసేశాక కూడా షాక్ కొట్టే ఛార్జి నిలవుంటుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ-వేస్ట్ పోర్టల్లో నమోదైన రీసైక్లర్ల జాబితా ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల్లో 106 రకాల వస్తువులున్నాయి, టీవీ, ఫ్రిజ్, ట్యూబ్‌లైట్ అన్నీ వాటిలోవే. అయితే ఒక్క టీవీ కోసం వ్యాన్ పంపడం వాళ్లకి గిట్టదు. అపార్ట్‌మెంట్ మొత్తం సామాను ఒకచోట చేర్చి పిలవండి, రసీదు తీసుకోండి.

సింగ్‌నగర్ వాసి:
థాంక్సండీ. ఫ్రిజ్ అయినా బండతనికి ఇచ్చేయొచ్చా?

ఏసీ ఫ్రిజ్ సర్వీస్:
వద్దండీ. రాగి గొట్టం కోసేస్తే గ్యాస్ గాల్లో కలిసిపోతుంది. పాత ఫ్రిజ్‌ల్లో ఉండే ఆర్-134ఏ గ్యాస్ ఒక కిలో భూమిని వేడెక్కించేది సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది నూట చిల్లర గ్రాములే గానీ, అదీ తక్కువేం కాదు. కొత్త మోడళ్లలో ఆర్-600ఏ అయితే మండే గ్యాసు, గ్యాస్ కటింగ్ దగ్గర పేలొచ్చు. మీ ఫ్రిజ్‌లో ఉన్నది ఏ గ్యాసో వెనక స్టిక్కర్ మీద రాసుంటుంది. బండతనికి వైర్లు కూడా ఇవ్వొద్దు. రాగి కోసం తొడుగు తగలబెడితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి.

ట్యూబ్‌లైట్లు ఎల్ఈడీవైతే పాదరసం ఉండదు. పాతరకం అయితే ఉంటుంది, రీసైక్లర్‌కి ఇచ్చేదాకా అట్టపెట్టెలోనే ఉంచండి. పగిలిందా, కిటికీలు తీసి పావుగంట బయటికి వెళ్లండి. చీపురు వాడొద్దు, అట్టముక్కతో ఎత్తి, నలుసులు టేపుతో అద్ది, సీసాలో వేసి మూత పెట్టండి.