పోల్కా: పోలండు అమ్మాయా, సగం అడుగా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మనం "పోల్కా చుక్కల చీర" అన్నప్పుడు వచ్చే పోల్కా, పాశ్చాత్య సంగీతంలో వినిపించే పోల్కా ఒకటేనా? అది పోలండు దేశపు నాట్యమనీ, పేరే అందుకు సాక్ష్యమనీ ఒక పత్రికలో చదివాను. మరొక చోట అది చెక్ ప్రజల నాట్యమనీ, "సగం" అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు పుట్టిందనీ రాశారు. నగల దుకాణాలలో పోల్కీ అనే మాట కూడా వింటున్నాము. ఈ మూడింటికీ చుట్టరికం ఉన్నదో లేదో తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

మొదటి జవాబు

ప్రశ్న వేసిన మిత్రులకు నమస్కారం. ముందుగా పోల్కీని పక్కన పెట్టవచ్చు. అది సానబట్టని వజ్రాలకు మన దేశపు నగల వ్యాపారులు వాడే మాట. దానికీ ఈ నాట్యానికీ ధ్వని పోలిక తప్ప మరే సంబంధమూ లేదు. చుక్కల సంగతి వేరు. 1840లలో పోల్కా యూరప్ నగరాలను, ఆ వెంటనే అమెరికాను ఒక ఊపు ఊపినప్పుడు, ఆడవారి బిగుతైన అల్లిక జాకెట్టుతో మొదలుపెట్టి ఎన్నో సరుకులకు వ్యాపారులు ఆ పేరు తగిలించారు. వాటిలో చాలా పేర్లు ఆ మోజుతోపాటే కాలగర్భంలో కలిసిపోగా, గుండ్రని చుక్కల గుడ్డకు తగిలిన పేరు మాత్రం నిలిచిపోయింది. కాబట్టి చుక్కల చీరలోని పోల్కా నాట్యం పేరే, కానీ ఆ నాట్యంలో చుక్కలేమీ లేవు.

ఇక అసలు వివాదానికి వద్దాము. పోల్కా బొహేమియాలో, అంటే నేటి చెక్ దేశపు పడమటి భాగంలో, 1830లలో వెలుగులోకి వచ్చిన జంట నాట్యం. అప్పుడా ప్రాంతం ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. తాళం రెండు దెబ్బలది, నడక చురుకైనది, మూడు పొట్టి అడుగులూ ఒక చిన్న గెంతూ దాని ప్రాణం. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పేరు దగ్గర, ఊరు దగ్గర వచ్చింది.

చెక్ భాషలో ఆ మాటను పలికేటప్పుడు రెండు అచ్చులూ హ్రస్వాలే. తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాస్తే "పొల్క" అవుతుంది. ఆ భాషలో పెద్దక్షరంతో మొదలుపెట్టి రాస్తే ఆ మాటకు పోలండు స్త్రీ అని అర్థం, చిన్నక్షరంతో రాస్తే నాట్యం. సగం అనే అర్థమిచ్చే మాట "పూల్క". ఇంగ్లీషు పుస్తకాలలో ఈ రెండు మాటలూ పక్కపక్కన కనిపించినప్పుడు తేడా అంతగా తెలియదు కానీ, హ్రస్వ దీర్ఘాలను విడివిడిగా రాసే మనకు ఒకటి ఒ, మరొకటి ఊ అని కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే పూల్క ఎలా పొల్క అయిందని సందేహం కలగడం సహజం. దీనికి చెక్ భాషా చరిత్రలోనే కొంత సమాధానం ఉన్నది. ఆ భాషలో నేటి ఈ దీర్ఘ ఊకారం పాత దీర్ఘ ఓకారం నుంచి వచ్చింది, కనుక ఒకే ధాతువు ఒక రూపంలో ఊతోనూ మరొక రూపంలో ఒతోనూ కనిపించడం అక్కడ మామూలు విషయం. ఇల్లు అనే మాట ప్రథమా విభక్తిలో "దూమ్", షష్ఠిలో "దొము". సగం అనే మాట ఒక రూపంలో "పూల్", మరొక రూపంలో "పొలొవిన". ఇది పూల్క వాదాన్ని నిరూపించదు కానీ, ధ్వనిశాస్త్రం పేరు చెప్పి దానిని కొట్టివేయడానికి వీలు లేకుండా చేస్తుంది.

చెక్ సాంస్కృతిక చరిత్రకారుడు చెన్యెక్ జీబర్ట్ పూల్క పక్షం వహించాడు. సగం అన్నది పొట్టి అడుగుకూ తాళపు కొలతకూ సరిపోతుందని ఆయన తలచాడు. అవతలి పక్షం వారి ఆధారం చరిత్ర. 1830 నవంబరులో పోలండు ప్రజలు రష్యా చక్రవర్తి పాలన మీద తిరగబడ్డారు. మరుసటి ఏటికల్లా ఆ తిరుగుబాటును అణచివేశారు. చెక్ విద్యావంతులలో చాలామందికి పోలండు పట్ల సానుభూతి ఉండేది కనుక, కొత్త నాట్యానికి "పోలండు అమ్మాయి" అని ఆదరంతో పేరు పెట్టి ఉంటారని వీరి వాదం. యారొస్లావ్ లాంగర్ అనే రచయిత 1835లో పోలండువారి క్రాకొవ్యాక్ గురించి రాస్తూ, ఆ తరహా నాట్యం హ్రాదెత్స్ క్రాలొవే ప్రాంతంలో పోల్కా అనే పేరుతో ఆడుతున్నారని చెప్పడం వీరికి బలం.

నా మట్టుకు నాకు ఈ రెండు వాదాలలో ఒకటి గెలిచి మరొకటి ఓడిపోవాలని అనిపించదు. సగం అడుగు పేరుగా మొదలైన మాట, ఆ రాజకీయ వాతావరణంలో జనం నోట పోలండు పేరుగా మారడం లోకనిరుక్తికి, అంటే జనం తమకు తోచిన అర్థాన్ని బట్టి మాటను మలచుకోవడానికి, పట్టుబడే మార్పే. అయితే నాట్యం పేరులో దేశం కనిపించగానే నాట్యం ఆ దేశానిదే అనుకోవడం మాత్రం పొరపాటు. "షాటిష్" అనే నాట్యం పేరుకు జర్మన్‌లో స్కాట్లండుది అని అర్థం, కానీ అది మధ్య యూరప్‌లో పుట్టినది, పైగా ఇంగ్లండులో దానినే జర్మన్ పోల్కా అని పిలిచేవారు. కాబట్టి పత్రికవారు చెప్పిన సాక్ష్యం చెల్లదు.

పుట్టిన ఊరి కథ ఇంకా రసవత్తరమైనది. అన్నా ఖదిమోవా అనే పనిమనిషి, పెళ్లి తరువాత అన్నా స్లెజాకోవా, నిమ్రా బాబాయి తెల్లగుర్రం కొన్నాడనే పల్లెపాటకు తనకు తోచినట్టు గెంతుతూ ఆడుతుండగా, యోసెఫ్ నెరుడా అనే సంగీతోపాధ్యాయుడు చూసి, ఆ వరుసను కాగితం మీద పెట్టి, ఆ అడుగులను కుర్రవాళ్లకు నేర్పాడట. ఆమె దానిని "మాద్యెరా" అన్నదట. ఈ కథ 1844లో ప్రాగ్‌లోని "బొహేమియా" పత్రికలో అచ్చయి, అక్కడి నుంచి యూరప్ అంతటా, అమెరికాలోనూ పునర్ముద్రణ పొందింది. అందులో ఊరు లాబే నది ఒడ్డున ఉన్న తీనెత్స్, సంవత్సరం 1834. జీబర్ట్ 1894లో ఈ కథను మళ్లీ పత్రికకెక్కించగానే పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి: ఊరు తీనెత్స్ కాదు, అదే నది మీది కొస్తెలెత్స్ అనీ, సంవత్సరం 1830 అనీ. హ్రాదెత్స్ క్రాలొవే కూడా తన వాటా తాను అడుగుతూనే ఉన్నది. పోతన బమ్మెరవాడా ఒంటిమిట్టవాడా అని మనవారు చేసిన వాదోపవాదాలు తెలిసినవారికి ఈ పట్టుదల కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఒక తేదీని గమనించాలి. ప్రాగ్ నాట్యాచార్యుడు రాబ్ 1840లో పారిస్‌లో ఈ నాట్యాన్ని ప్రదర్శించాడు, 1844 నాటికి పారిస్, లండన్ రెండూ పోల్కా పిచ్చిలో మునిగి ఉన్నాయి. పుట్టుక కథ అచ్చయినది సరిగ్గా ఆ సంవత్సరమే. గిరాకీ వచ్చిన తరువాతనే జన్మవృత్తాంతం కావలసి వచ్చిందన్నమాట. పల్లెల వారు మాత్రం దొరలు పట్టుకోకముందే తాము దీనిని ఆడేవారమని అంటూ ఉండేవారని జీబర్టే రాశాడు. నాకు ఆ మాట మీదనే ఎక్కువ నమ్మకం. నెరుడా చేసినది పుట్టించడం కాదు, రాసి పెట్టడం.

రెండవ సభ్యుని సందేహం

మీ వివరణ బాగున్నది, కానీ రెండు విషయాలు మిగిలాయి. అమెరికాలో పోల్కా అనగానే పోలండు సంతతివారే గుర్తుకు వస్తారు. అది లోకనిరుక్తి ప్రభావమేనా? రెండవది, "రాసి పెట్టడం" అన్నారు కదా, మరి వాయించినవారి సంగతి ఏమిటి? నాట్యం ఏ ఊరిదో తేల్చేవారు ఆ ఊళ్లలో వాద్యాలు పట్టినవారిని అడగకుండా వ్యాకరణం అడగడం నాకు వింతగా తోస్తున్నది.

మళ్లీ మొదటి సభ్యుని జవాబు

మీ రెండవ ప్రశ్న న్యాయమైనది, దానితోనే మొదలుపెడతాను. తొలినాటి పల్లె వాద్యగాళ్లు తమ కథ రాసుకోలేదు. తరువాత పెద్ద పేరు తెచ్చుకున్నవారి బాల్యం గుండా మాత్రమే వారి లోకం మనకు కొంత కనిపిస్తుంది.

చెక్ స్వరకర్త బెద్రిఖ్ స్మెతనా 1840లో, పదహారేళ్ల వయసులో, తన బంధువుల అమ్మాయి లూయిసా పేరిట పియానో మీద ఒక పోల్కా కట్టాడు. ఆ తరువాత ప్ల్జెన్ నగరంలో చదువుకుంటున్న రోజులలో ఇళ్లలో జరిగే నాట్య సాయంత్రాలకు పియానో వాయించి, స్వయంగా నాట్యం చేసి, ఊరందరికీ ఇష్టుడయ్యాడు. 1874లో ఆయనకు పూర్తిగా చెవుడు వచ్చింది. రెండేళ్ల తరువాత "నా జీవితం నుంచి" అనే పేరుతో నాలుగు తంత్రీవాద్యాలకు ఒక కృతి రచించినప్పుడు, రెండవ భాగాన్ని పోల్కా తీరులో నడిపించాడు. నాట్య సంగీతం కట్టుకుంటూ, నాట్యమంటే పడిచచ్చేవాడిగా పేరుపడ్డ తన యౌవనాన్ని ఆ భాగం గుర్తు చేస్తుందని ఒక స్నేహితునికి రాసిన ఉత్తరంలో వివరించాడు. వినికిడి పోయిన మనిషి తన గతాన్ని నాలుగు భాగాలుగా చెప్పదలచి, అందులో ఒక భాగం పూర్తిగా పోల్కాకు ఇచ్చాడంటే, అది ఆయనకు చెక్ జాతీయ చిహ్నం కావడానికి ముందే సొంత జ్ఞాపకమని నాకు అర్థమవుతుంది.

మరో చెక్ స్వరకర్త ఆంతొనిన్ ద్వొర్జాక్ కథ పల్లెకు ఇంకా దగ్గర. తండ్రి నెలహొజెవెస్ గ్రామంలో మాంసం కొట్టు, పూటకూటి ఇల్లు నడిపేవాడు, జితర్ అనే తంత్రీవాద్యం వాయించేవాడు. కొడుకు చిన్ననాడే ఫిడేలు పట్టి ఊరి వాద్యబృందంతో కూర్చున్నాడు. జ్లొనిత్సెలో చదువుకునే రోజులలో పోల్కాలు రాయడానికి ప్రయత్నించాడు. అందులో ఒకదాని గురించి ఒక కథ చెబుతారు: ఇంటివారిని ఆశ్చర్యపరచాలని రాసిన పోల్కాలో, బాకాకు రాసే స్వరం ఒకటి, అది పలికే స్వరం ఒకటి అన్న సంగతి పిల్లవాడికి తెలియక, అందరూ కలిసి ఎత్తుకోగానే గోల అయిందట. నిజమో కాదో కానీ వాద్యబృందంలో పెరిగిన పిల్లలకు తగులుకునే చిక్కు సరిగ్గా అదే. ప్రాగ్‌లో 1859లో చదువు ముగించాక కారెల్ కొమ్జాక్ నాట్యబృందంలో చేరి భోజనశాలలలో, నాట్యసభలలో వియోలా (ఫిడేలు కంటే కాస్త పెద్ద వాద్యం) వాయించి పొట్టపోసుకున్నాడు. ఆ బృందమే 1862లో చెక్ తాత్కాలిక నాటకశాల వాద్యబృందానికి పునాది అయింది. 1866 మే 30న స్మెతనా హాస్య సంగీత నాటకం "అమ్ముడుపోయిన వధువు" మొదటిసారి ప్రదర్శించినప్పుడు, వాద్యబృందాన్ని నడిపించే పీఠం మీద స్మెతనా, కింద వియోలాలలో ద్వొర్జాక్ ఉన్నారు. నేడు వినిపించే రూపంలో దాని మొదటి అంకం పోల్కాతోనే ముగుస్తుంది.

వియన్నాలోనూ ఇంతే. అక్కడి స్వరకర్త రెండవ యోహాన్ స్ట్రౌస్ 1844 అక్టోబరు 15న, ఇంకా పందొమ్మిదేళ్లు నిండకుండానే, సొంత బృందంతో మొదటి కచేరీ చేసినప్పుడు వాల్ట్‌జ్‌లతో పాటు ఒక పోల్కా కూడా వినిపించాడు. కొత్తవాడు నిలదొక్కుకోవాలంటే పోల్కా తప్పనిసరి అయిపోయిందన్నమాట.

ఇక అమెరికా. పోల్కా అక్కడికి పోలండువారితో మాత్రమే వెళ్లలేదు. చెక్, జర్మన్, స్లొవేనియా, పోలండు వలసదారులు ఎవరికి వారు తమ తీరును తీసుకువెళ్లారు. "పోల్కా రాజు" అని 1948లో మిల్వాకీలో పట్టం కట్టించుకున్న ఫ్రాంకీ యాంకొవిక్ స్లొవేనియా దంపతుల కొడుకు. క్లీవ్‌లాండ్‌లో వారి ఇంట అద్దెకున్న తోటి స్లొవేనియా కూలీలలో ఒకరు అతనికి బొత్తాలు నొక్కి, తిత్తి లాగుతూ వాయించే అకార్డియన్ నేర్పారు. మరో పేరున్న బృందనాయకుడు లారెన్స్ వెల్క్ రష్యా నుంచి వచ్చిన జర్మన్ రైతుల బిడ్డ. నాలుగు వందల డాలర్ల అకార్డియన్ కొనిపెడితే ఇరవయ్యొకటవ ఏడు వచ్చేవరకు పొలంలోనే పని చేస్తానని తండ్రికి మాట ఇచ్చి, నిలబెట్టుకున్నాడు. టెక్సస్ దక్షిణాన మెక్సికో సంతతివారు పొరుగు జర్మన్, చెక్ వలసదారుల దగ్గర అకార్డియన్‌నూ పోల్కానూ అందుకుని తమవి చేసుకున్నారు. నార్సీసో మార్టినెజ్ 1936లో వాటిని రికార్డులకెక్కించాడు, తరువాతి తరంలో ఫ్లాకో హిమెనెజ్ తన తండ్రి శాంటియాగో వద్ద విని నేర్చుకున్నాడు. ఐర్లండులో కార్క్, కెర్రీ జిల్లాల సరిహద్దున స్లీవ్ లూక్రా అనే కొండప్రాంతంలో ఫిడేలు వాయించేవారు కూడా పోల్కాలను తమవిగానే భావిస్తారు.

షికాగో పోలండు సంతతివారి బృందాలు తమ ప్రత్యేకమైన తీరును గట్టిగా నిలబెట్టుకున్నాయి. దానికి పేరు కూడా తోడైంది, కనుక వినేవారు నాట్యమే పోలండుదని తేలికగా నమ్మారు. మీరన్నట్టు ఇందులో లోకనిరుక్తి పాత్ర ఉన్నది, కానీ అక్కడి వాద్యగాళ్ల కష్టానికి వాటా ఎక్కువ.

మూడవ సభ్యుని ప్రశ్న

చెక్ ఉచ్చారణ హ్రస్వమైతే, తెలుగులో ఇకమీదట "పొల్క" అని రాయడం సబబు కాదా?

మొదటి సభ్యుని జవాబు

వద్దని నా అభిప్రాయం. మాట మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చింది, బట్టల దుకాణం నుంచి పత్రికల వరకు "పోల్కా" అనే స్థిరపడింది. వ్యుత్పత్తిని చర్చించేటప్పుడు మూలరూపం చూపడానికి పొల్క, పూల్క అని రాసుకుంటే చాలు. చెక్ మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మాత్రం ఇంకా మనలో స్థిరపడలేదు కనుక, వాటిని ఇంగ్లీషు అక్షరాలను బట్టి కాకుండా చెక్ పలుకుకు వీలైనంత దగ్గరగా రాయడం మంచిది. ద్వొర్జాక్‌ను "డ్వోరక్" అని రాస్తే ఆ పేరు మధ్యలోని జకారపు ధ్వని పూర్తిగా మాయమవుతుంది.