చైనీస్ బ్రష్ పెయింటింగ్: నా చెట్లు చదునుగా వస్తున్నాయి, ఏం చేయాలి?

సిరాచుక్క (విజయవాడ):
అందరికీ నమస్కారం. చైనీస్ బ్రష్ పెయింటింగ్ సరదాగా మొదలుపెట్టాను. వెదురు, ఆర్కిడ్ ఓ మోస్తరుగా వస్తున్నాయి. చెట్టు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తున్నాను. మాను గీయగానే సిరా నాలుగువైపులా పాకి ముద్దయిపోతోంది. కొమ్మలేమో రెండు పక్కలకే చాచుకుని, చెట్టంతా చదునుగా ఉంటోంది. కాగితం మార్చాలా, బ్రష్ మార్చాలా? ఆకులు వేసి కప్పేస్తే సరిపోతుందా?

కాగితంపులి:
మీరు కొన్నది ముడి షువాన్ కాగితం (చైనీస్ బొమ్మలకి వాడే కాగితం) అయ్యుంటుంది. అది నీళ్లు బాగా పీలుస్తుంది. పటిక, జిగురు పట్టించిన రకం కూడా దొరుకుతుంది. దాని మీద సిరా పాకదు. అది తెప్పించుకోండి, గొడవ వదిలిపోతుంది.

సింగపూర్ పిన్ని:
తమ్ముడు చెప్పింది నిజమే గానీ, కాగితం మార్చకమ్మా. పటిక పట్టించినది సన్నటి గీతలతో పువ్వులూ పిట్టలూ వేసేవాళ్లకి బాగుంటుంది. బెరడు గరుకుగా రావాలంటే పీల్చే కాగితమే కావాలి. నీ బ్రష్‌లో నీళ్లు ఎక్కువవుతున్నాయి, అంతే.

నేనిక్కడ ఒక చైనీస్ మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. మొదట్లో ఆయన ఒక్క ఆకు కూడా వెయ్యనివ్వలేదు. అన్నీ మోడు చెట్లే. కొమ్మ ఎక్కడ పుట్టి ఎటు పోతోందో తెలియకుండా ఆకులతో కప్పితే ఆ తప్పు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

గట్టి వెంట్రుకల బ్రష్ తీసుకో. నీళ్లలో ముంచి, పళ్లెం అంచుకి ఆనించి తిప్పుతూ నీళ్లు తీసెయ్. మొనకి మాత్రం సిరా అద్ది, బ్రష్ పొట్టని పాత గుడ్డ మీద ఒకసారి ఒత్తు. ఇప్పుడు మాను ఎడమ అంచు పైనుంచి కిందికి లాగు. మధ్యమధ్యలో ఆగి, కాస్త నొక్కి, మణికట్టు తిప్పి మళ్లీ కదులు. ఆగినచోట కణుపు వస్తుంది. వేగంగా పోయినచోట సిరా తెగి కాగితం తెల్లగా బయటపడుతుంది. ఆ తెలుపే బెరడు. బాగాలేదని దాన్ని మళ్లీ దిద్దావో, ఇక ఆ చెట్టు పనైపోయినట్టే.

ఇక చదును సంగతి. చెట్టుకి నాలుగు దిక్కులా కొమ్మలుంటాయని పాతకాలం నుంచీ చెప్పే సూత్రం. మనం ఎడమకీ కుడికీ మాత్రమే గీసి ఊరుకుంటాం. నీవైపు వచ్చే కొమ్మని ముందే గీసెయ్, చిక్కటి సిరాతో. మాను గీత దాని దగ్గరికి రాగానే ఆపి, అవతల మళ్లీ అందుకో. వెనక్కి పోయే కొమ్మలకి నీళ్ల సిరా చాలు.

గుట్టలబాట (వరంగల్):
పిన్నిగారి మాటకి తోడు: చైనా చిత్రకారుడు గువో షీ 1072లో వేసిన ‘తొలి వసంతం’ బొమ్మని నెట్‌లో పెద్దది చేసి చూడండి. అసలుది తైపేలోని మ్యూజియంలో ఉంది. అందులో కొమ్మల చివర్లు కిందికి వంగి, పీత డెక్కల్లా ఉంటాయి. వాటికి ఆ పేరే స్థిరపడింది. పైకి చీలే కొమ్మలకి దుప్పి కొమ్ములని పేరు. మొదట దుప్పి కొమ్ములు పట్టుకోండి, తేలిక.

సిరాచుక్క:
గుడ్డ మీద ఒత్తడం ఇప్పుడే చేసి చూశాను, ముద్దవడం చాలావరకు తగ్గింది! మరి ఆకులెప్పుడు మొదలుపెట్టాలి పిన్నీ?

సింగపూర్ పిన్ని:
తొందరపడకు. 1679లో చైనాలో అచ్చయిన ‘ఆవగింజ తోట’ చిత్రకళా పుస్తకంలో కొండలకంటే ముందు చెట్లే ఉంటాయి, చెట్లలో కూడా ముందు మోడులే. తర్వాతే మిరియాల చుక్కలు, ఎలుక పాదాల చుక్కలు అంటూ ఆకుల రకాలు వస్తాయి. అందులో నాకు బాగా నచ్చింది జంట చెట్ల పాఠం. పెద్దదీ చిన్నదీ పక్కపక్కన పెట్టాలి. దానికి రెండు పద్ధతులు: ముసలివాళ్లని మోసినట్టు ఒకటి, పిల్లని చెయ్యిపట్టి నడిపించినట్టు ఒకటి. రెండూ ఒకే ఎత్తులో, మొదళ్లు ఒకే గీత మీద ఉండకూడదు. తర్వాత మూడు చెట్లు, అక్కణ్ణుంచి నాలుగు చూపించకుండా ఏకంగా ఐదు. ఐదు కుదిరితే అడవంతా కుదురుతుందని వాళ్ల లెక్క.

సిరా సీసాది చాలు, రాతి మీద గంధం తీసినట్టు సిరా కడ్డీ అరగదీసుకోవడం తర్వాత చూసుకుందువు గానీ. అన్నట్టు, ఫ్యాన్ ఆపి వెయ్యి. గాలికి బ్రష్ మొన ఎండి రెండుగా చీలిపోతుంది.

సిరాచుక్క:
విజయవాడలో ఫ్యాన్ ఆపమంటే ఎలా పిన్నీ!

సింగపూర్ పిన్ని:
అయితే తెల్లారకముందే కూర్చో. జంట చెట్లు వేశాక ఫొటో పెట్టు, కొమ్మలు చూసి చెప్తాను.