గంగా డాల్ఫిన్ ఎక్కువా, పిట్టగోడ మీది నాచు ఎక్కువా?

గట్టుమీదపిట్ట:
మావాడి గైడులో "డాల్ఫిన్ ఉన్నత జీవి, నాచు నిమ్న జీవి" అని ఉంది. ఇందులో తప్పేముంది? డాల్ఫిన్‌కి మెదడుంది, పిల్లకు పాలిస్తుంది. నాచుకి సరైన వేరు కూడా లేదు.

తడిగోడ:
తప్పు ఆ మెట్ల లెక్కలోనే ఉందండీ. పరిణామం అంటే మెట్లెక్కడమే అయితే గంగా డాల్ఫిన్ కంట్లో కటకం ఎందుకు పోయినట్టు? వెలుగూ చీకటీ తప్ప దానికి పెద్దగా కనపడదు. బురద నీళ్లలో చూపుతో పనేముంది? టిక్ టిక్‌మని శబ్దాలు వదిలి, ప్రతిధ్వనిని బట్టి చేపను పట్టుకుంటుంది.

గట్టుమీదపిట్ట:
అదీ గొప్పేగా! మరి నాచు ఏం పొడిచింది?

తడిగోడ:
నాచంటే చెరువులో పాచి అనుకునేరు, నేననేది వానాకాలం గోడల మీద మెత్తగా పెరిగేది. మా పిట్టగోడ మీది వెండి నాచు చిటికెడు గీకి కాగితంలో మడిచి పెట్టాను. నెలన్నరకి కరకరలాడే పొడిలా అయింది. చెంచాడు నీళ్లు పోస్తే, టీ కాగేలోపు ఆకులు విచ్చుకున్నాయి. ఆకు కొసల్లో పత్రహరితం ఉండదు, అందుకే ఆ వెండి మెరుపు. అంటార్కిటికాలోనూ ఇదే జాతి ఉంది. డాల్ఫిన్‌ని ఒక్కరోజు గట్టున పెట్టి చూడండి మరి!

నదిమనిషి:
అందుకే డాల్ఫిన్ గురించే నా బెంగ. రెండు మూడేళ్లకి ఒక్క పిల్ల. 2025లో కేంద్రం బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో నది డాల్ఫిన్‌లు 6,327. అందులో సింధు జాతివి మూడే, అవీ బియాస్ నదిలో. చైనాలో 2006లో యాంగ్జీ నదంతా గాలిస్తే అక్కడి నది డాల్ఫిన్ బైజీ ఒక్కటీ కనపడలేదు. మీ నాచుని గీకేస్తే వచ్చే వానకి మళ్లీ మొలుస్తుంది.

తడిగోడ:
గోడ మీదిది మొలుస్తుంది సార్. ఆర్కిడ్ కుండీల్లో వేసే స్ఫాగ్నమ్ అనే నాచు సంగతి వేరు. చలి దేశాల చిత్తడి నేలల్లో అది పొరలు పొరలుగా పేరుకునేది ఏడాదికి దాదాపు ఒక్క మిల్లీమీటరు. మీటరు లోతు తవ్వేస్తే వెయ్యేళ్ల సరుకు పోయినట్టే.

గట్టుమీదపిట్ట:
సరే, "నిమ్న" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. పరీక్షలో మాత్రం ఏం రాయమంటారు మావాణ్ణి?

తడిగోడ:
గైడులో ఉన్నదే రాయమనండి. లేకపోతే మార్కులు పోతాయి.